కర్టెన్ ఊగినంతసేపు

పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి ఆ ఇంట్లో అందరూ హాల్లో బల్ల చుట్టూ చేరిపోయేవాళ్ళు. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పెద్దకొడుకు పేపరు మడతపెడుతూ, చిన్నకొడుకు ఫోన్లో తల దూర్చి, వాడి కూతురు ఒక సాక్సు వేసుకుని రెండోది వెతుక్కుంటూ. చిన్నకోడలైతే ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుని మరీ కూచునేది. బల్ల మీద అప్పటికి మంచినీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. లోపల స్టవ్ కూడా వెలిగించి ఉండేది కాదు.

"ఇంకా ఎంతసేపు?" అనేది అత్తగారు, అలవాటు కొద్దీ.

పెద్దకోడలు వంటింటి కర్టెన్ తప్పించుకుని లోపలికి వెళ్ళేది. ఆ కర్టెన్ ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగేది. అది ఊగడం ఆగేలోపే ఆమె పళ్ళాలతో బయటికి వచ్చేది. పొగలు కక్కే టిఫిను, టీ, మధ్యాహ్నానికి సర్దిన నాలుగు డబ్బాలు. లోపల గిన్నెలు కడిగి బోర్లించి, గట్టు తుడిచి, సాయంత్రానికి కూరలు తరిగి పెట్టేసి కూడా ఉండేవి. హాల్లో గోడ గడియారం మాత్రం ఏడున్నర దగ్గరే ఉండేది. దాని వంక ఎవరూ చూసేవాళ్ళు కూడా కాదు. ఆమె చేస్తే టైం పట్టదు, అంతే. కొందరికి పాట అబ్బుతుంది, కొందరికి లెక్కలు అబ్బుతాయి, ఈమెకి ఇది అబ్బింది అనుకున్నారు.

కాపరానికి వచ్చిన మొదటి ఏడాది ఆమెకీ అందరిలాగే టైం పట్టేదట. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చెవిలో జోరీగలా అదే మాట. ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు. ఒకరోజు ఆ మాట ‘ఇంకా’ దగ్గర ఉండగానే కోడలు కంచం తెచ్చి చేతిలో పెట్టిందట. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గింది" అందట. ఆ ఇంట్లో ఆ వింత గురించి ఎవరైనా అన్న మాట అదొక్కటే.

ఇంకో విషయం కూడా ఉంది. పెద్దకోడలికి నలభై ఏళ్ళు. చిన్నకోడలికన్నా రెండేళ్ళు పెద్ద. కానీ చూసినవాళ్ళెవరూ అలా అనుకోరు. జుట్టు ముగ్గుబుట్టయిపోయింది, నడుం వంగింది, చేతుల మీద నరాలు తేలాయి. బస్సెక్కితే కుర్రాళ్ళు లేచి సీటిచ్చేవాళ్ళు. బట్టల షాపువాడు ఆమె మొగుణ్ణి చూసి, "మీ అమ్మగారికి ముదురు రంగులు వద్దు సార్" అన్నాడు. చిన్నకోడలి కూతురు మాటలు నేర్చేటప్పుడు పెద్దమ్మని ‘బామ్మ’ అనీ, అసలు నాయనమ్మని ‘చిన్నబామ్మ’ అనీ పిలిచింది. అందరూ పడీపడీ నవ్వారు. అత్తగారైతే ఆ పిలుపు మార్పించనివ్వలేదు.

పెద్దకోడలు కూడా నవ్వింది పాపం. నోట్లో నాలుక లేని మనిషి.

చిన్నకోడలు అలా కాదు. ఆమె నోటికి ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ జడిసేవాళ్ళు. ఆఫీసులో ఆమెకి స్టాప్‌వాచీ అని పేరు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరే. వాళ్ళు రాసిన ప్రోగ్రాము నడవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి, ఎక్కడ నత్తనడక నడుస్తోందో వేలు పెట్టి చూపించడం ఈమె పని. మొదలయ్యే ముందు టైం చూడాలి, అయ్యాక టైం చూడాలి, రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్యాలి. వినడానికి ఇంతే. కానీ మొదటిసారి వచ్చిన కొలత నమ్మకూడదు, మెషిన్ అప్పుడే నిద్రలేచి ఉంటుంది. పక్కన ఇంకేవీ నడవకుండా చూసుకోవాలి. ఒకసారి కాదు, విసుగొచ్చేదాకా కొలవాలి. ఈ అలవాటు ఆమెకి ఒంటికి పట్టేసింది. మొగుడు స్నానానికి వెళ్తే బయటినుంచి టైం చూసేది. "నిన్నటికన్నా నాలుగు నిమిషాలు ఎక్కువ, లోపల ఏం వెలగబెడుతున్నావ్?" అని అరిచేది.

పెద్దకోడలి పని మాత్రం ఆమె ఎప్పుడూ కొలవలేదు. సున్నాని ఏం కొలుస్తాం?

ఆఫీసులో మేనేజర్ని అందరూ నిన్నటాయన అనేవాళ్ళు. ఎప్పటికి కావాలి సార్ అని అడిగితే "నిన్నటికి" అనేవాడు. ఒక బస్సుల కంపెనీకి ఆ ఆఫీసులో ప్రోగ్రాము తయారవుతోంది. రేపు ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడ ఉండాలో, ఏ డ్రైవరు ఎక్కడ ఎక్కాలో పట్టిక వేసే ప్రోగ్రాము. దానికి దాదాపు గంట పడుతోంది. బస్సులవాళ్ళు గంటైతే మాకొద్దు పొమ్మన్నారు. నెలాఖరుకి వచ్చి మళ్ళీ చూస్తామన్నారు. నిన్నటాయన చిన్నకోడల్ని పిలిచి, "ఇది గట్టెక్కిస్తే టీం లీడ్ కుర్చీ నీది" అన్నాడు. ఆ కుర్చీ కోసం ఆమె ఐదేళ్ళుగా కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తోంది. తన వెనక చేరినవాళ్ళు ఇద్దరు తన ముందే ఎక్కి కూచున్నారు.

ప్రోగ్రాము రాసేవాళ్ళు ఏదో మార్చి కొత్తది ఇచ్చారు. చిన్నకోడలు కొలిచింది. రెప్పపాటు. మొదటిసారి కదా అని పక్కన పెట్టి మళ్ళీ కొలిచింది. రెప్పపాటే. సాయంత్రం దాకా కొలిచినా అదే. అందరూ వచ్చి ఆమె కుర్చీ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆమె చక్రం ఊడిన కుర్చీ మార్చుకుందామని స్టోర్‌రూంకి వెళ్ళింది. తలుపు తియ్యగానే వేడి మొహాన కొట్టింది. విరిగిన బల్లల మధ్య, నేలమీద, ఒక పాత మెషిన్ ఫ్యాను గింగిర్లు తిరుగుతూ మూలుగుతోంది. అందరూ దాన్ని ముసలిది అనేవాళ్ళు, ఎప్పుడో పక్కన పడేశారనే ఆమె అనుకుంది. చెయ్యి పెట్టబోయి చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది. స్క్రీన్ తగిలించి చూస్తే, అది బస్సుల పట్టిక వేస్తోంది. నిన్నటి పట్టిక. ఇంకా అవలేదు.

అప్పుడు అర్థమైంది. కొత్త ప్రోగ్రాము పని చెయ్యడం లేదు. పనంతా ముసలిదాని నెత్తిన పెట్టేసి, తను మాత్రం "అయిపోయింది" అని చెప్పి తప్పుకుంటోంది. గడియారం వీళ్ళ బల్ల మీద ఉంది. పని జరిగేది స్టోర్‌రూంలో.

సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత పసిపిల్ల పొరపాటు చేసిందా! నేరుగా నిన్నటాయన గదికి వెళ్ళింది.

"సార్, నిన్న నేను కొలిచింది తప్పు. పని అప్పగించడానికి పట్టిన టైం అది. చెయ్యడానికి పట్టింది కాదు."

"మన స్క్రీన్ మీద ఎంత చూపించింది?"

"రెప్పపాటే సార్. కానీ..."

"బస్సులవాళ్ళు వచ్చి చూసేది స్క్రీనే కదమ్మా. స్టోర్‌రూంకి వెళ్ళి కూచుంటారా?"

"ముసలిది ఎక్కువ రోజులు లాగదు సార్. చెయ్యి పెడితే కాలిపోతోంది."

"పోతే ఇంకోటి పెడదాం. పాత మెషిన్లకేం కరువు?" అని ఆయన ఫోను తీసుకున్నాడు. "రిపోర్టు నెలాఖరుకి కదా. ఆలోచించుకుని రాయి."

ఆ సాయంత్రం బస్సులో ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది, అప్పగించడానికి పట్టిన టైం, అప్పగించడానికి పట్టిన టైం అని. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే అత్తగారు "ఇంకా ఎంతసేపు?" అంది. కర్టెన్ ఊగింది. పెద్దకోడలు అందరి భోజనాలూ పట్టుకుని బయటికి వచ్చింది. చిన్నకోడలు మొదటిసారి ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. లోపలికి వెళ్ళేటప్పుడు చీర కుచ్చిళ్ళు నలగలేదు. వచ్చేటప్పుడు నలిగి ఉన్నాయి. చెంప మీద చాప అచ్చు పడి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె తన చేతి వాచీ విప్పి పెద్దకోడలి చేతికి కట్టింది. "అక్కా, ఇవాళ ఇది పెట్టుకుని లోపలికి వెళ్ళు."

"ఎందుకే?"

"ఊరికే."

కర్టెన్ ఊగింది, ఆమె టిఫిన్లతో వచ్చింది. చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. ముళ్ళు ఏడున్నరకి కాస్త అటుగా ఉన్నాయి. హమ్మయ్య అనుకోబోయింది. అప్పుడు ముళ్ళ పక్కనున్న చిన్న కిటికీ కనిపించింది. తేదీ మారిపోయి ఉంది.

అందరూ తిని లేచాక ఆమె ఆఫీసుకి ఆలస్యమవుతుందని ఫోను చేసి, పెద్దకోడల్ని పెరటి మెట్ల మీదికి లాక్కెళ్ళి కూచోబెట్టింది.

"ఒక రోజంతా లోపల ఉన్నావా అక్కా?"

"ఏమో, నేనేం కొలిచానా?" అంది పెద్దకోడలు. "కర్టెన్ దాటగానే మీరంతా ఆగిపోతారే. అత్తయ్య నోరు తెరిచి ఉంటుంది. మీ బావగారు పేపరు తిప్పబోతూ చెయ్యి గాల్లో పెట్టి ఉంటారు. మళ్ళీ నేను గడప దాటి వచ్చేదాకా అంతే. పొద్దు కదలదు, కాకి కూడా అరవదు. నేనొక్కదాన్నే. వండుతా, తోముతా, ఉతుకుతా. కాళ్ళు లాగితే అక్కడే చాప పరుచుకుని పడుకుంటా. బయట పడుకుంటే ఎవరో ఒకరు పిలుస్తారు కదా. లోపల ఎవరూ పిలవరు."

ఆమె పడుకుని ఉండగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదన్నది అప్పుడు గుర్తొచ్చింది చిన్నకోడలికి. లోపల పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, బయట అందరితో ఒకటి, మాకు ఒక రోజు గడిస్తే ఈమెకి మూడు గడుస్తున్నాయి అనుకుంది.

"ఒకసారి నీ కూతురు నవ్వుతూ ఆగిపోయింది," అంది పెద్దకోడలు. "పళ్ళు ఊడిన నోరు తెరిచి. గడప లోపలే కూచుని ఎంతసేపు చూశానో. పని ఆలస్యమైంది గానీ, అడిగేదెవరు?"

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అక్కా?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగనివాళ్ళకి నేనేం చెప్పను? మొదట్లో నేనూ సంతోషించాన్లే. తిట్లు తప్పాయి గదా అని." ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. "నువ్వు కొలిచేదానివి కదా చెల్లీ. నాకు ఇంకా ఎంత మిగిలిందో చెప్పగలవా?"

చిన్నకోడలు ఏడ్చేసింది. ఆఫీసులో మగాళ్ళని గడగడలాడించే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మానెయ్ అక్కా. నెమ్మదిగా చెయ్యి. ఎవరేమంటే ఏం?"

"అదీ చేసి చూశా. నా చేతుల్లో లేదే. నేను లోపలికి అడుగు పెడితే చాలు, అదే ఆగిపోతుంది. అసలు వెళ్ళకపోతేనే." తన కొంగుతో ఆమె కళ్ళు తుడుస్తూ అంది, "వారంలో ఒక్క ఆదివారం నువ్వు చూసుకోవూ? ఆ ఒక్క రోజైనా మీ అందరితోపాటు ముసలిదాన్నవుతా."

"ఆదివారం కాదక్కా, సగం రోజులు నేనే చేస్తా. ఒట్టు."

అన్నట్టే ఆ ఆదివారం చిన్నకోడలు నడుం బిగించి వంటింట్లోకి దూరింది. గడియారం చక్కగా కదిలింది. కదిలి, కదిలి, పన్నెండైంది, ఒంటిగంటైంది, రెండైంది. కూర అడుగంటింది. అత్తగారు గుమ్మంలో నిలబడి "ఈ ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి ఆదివారం చూడలేదు" అంది. ఆవిడ ఆ ఇంట్లో పుట్టలేదు, అది వేరే సంగతి. బావగారు ఆకలికి తట్టుకోలేక పక్కవీధి హోటలుకి వెళ్ళిపోయారు. మొగుడు నిమ్మకు నీరెత్తినట్టు ఫోన్లోనే ఉన్నాడు. "వదిన ఉందిగా, ఎందుకీ తిప్పలు?" అన్నాడు.

పెద్దకోడలు మాత్రం హాల్లో కిటికీ పక్కన కూచుని పాపకి జడ వేసింది. వేసి, విప్పి, మళ్ళీ వేసింది. సాయంత్రం ఎండ తగ్గి నీడలు గోడెక్కడం చూసి, "అదుగో చూడవే, పొద్దు వాలుతోంది!" అంది, చిన్నపిల్లలా. ఎన్నేళ్ళైందో ఆమె పొద్దు వాలడం తీరిగ్గా చూసి.

తర్వాతి ఆదివారం ఆఫీసులో పని పడింది. బస్సులవాళ్ళు వచ్చే రోజు దగ్గరపడింది. "ఈ నెల గడవనీ అక్కా. రిపోర్టు అయిపోతే ఇంక నాకు పనేముంది?" అంది చిన్నకోడలు.

"సర్లే," అంది పెద్దకోడలు. "వాచీ నా దగ్గర ఉంచుకోనా?"

"ఉంచుకో అక్కా, నీకన్నా ఎక్కువా?"

నెలాఖరు వచ్చింది. ముందురోజు చిన్నకోడలు రిపోర్టు ముందు కూచుంది. టైం దగ్గర ఒక గడి ఖాళీగా ఉంది. స్టోర్‌రూంలో పట్టిన టైం రాయాలా, బల్ల మీద పట్టిన టైం రాయాలా? నిజం రాస్తే బస్సులవాళ్ళు పోతారు, వాళ్ళతో కుర్చీ పోతుంది. ఇంకో ఐదేళ్ళు తనకన్నా చిన్నవాళ్ళ ముందు నిలబడి "ఎస్ సార్" అనాలి. ఆమె ‘రెప్పపాటు’కి సరిపోయే అంకె వేసి సంతకం పెట్టింది. వెయ్యి తప్పులు పట్టిన చెయ్యే అది.

బస్సులవాళ్ళు చూశారు, నోళ్ళు వెళ్ళబెట్టారు, సరేనన్నారు. కుర్చీ వచ్చింది. కుర్చీతోపాటు ఆదివారాలు కూడా ఆఫీసుకి పోయాయి. ఈ పని గట్టెక్కనీ అక్కా, ఇంకో పదిహేను రోజులు అక్కా, పాప పరీక్షలవనీ అక్కా. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. చెప్పిన ప్రతిసారీ నిజమనే అనుకుంది. అదే ఘోరం.

కొన్నాళ్ళకి ముసలిది కాలిపోయింది. స్టోర్‌రూంలో పొగ వచ్చిందని ఎవరో చెప్పారు. మధ్యాహ్నానికల్లా ఇంకో పాతది తెచ్చి అదే చోట పెట్టారు. టీం లీడ్ హోదాలో ఆ కాయితం మీద సంతకం పెట్టింది చిన్నకోడలే. పెట్టి, టీ తాగడానికి వెళ్ళింది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈ ఇంట్లో వాళ్ళు కూర్చుని తిన్నారు. కరిగింది కొండ కాదు, మనిషి. చూస్తుండగానే పెద్దకోడలి వీపు ఇంకా వంగింది. పళ్ళాలు పట్టుకొస్తుంటే చేతులు వణికి చప్పుడయ్యేది. "ఏంటా మోత?" అనేది అత్తగారు. ఆవిడకి డెబ్భై దాటాయి, కోడలి పక్కన నిలబడితే కూతుర్లా ఉండేది. కడుపులో చల్ల కదలకుండా బతికిన ఒళ్ళు మరి.

ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున్న పెద్దకోడలు చెయ్యి చాపింది. "చెల్లీ, వాచీ ఆగిపోయిందే. బ్యాటరీ వేయించవూ?"

చిన్నకోడలు హడావుడిగా చెప్పులు వేసుకుంటోంది. "కొత్త బ్యాటరీయే కదక్కా అది, మూడేళ్ళు వస్తుందన్నాడు." అనేశాక గానీ తన మాట తనకి వినపడలేదు. గతుక్కుమంది. తలెత్తి చూసింది. పెద్దకోడలు ఓపిగ్గా చెయ్యి చాపి నిలబడి ఉంది.

"రేపు వేయిస్తా అక్కా. తప్పకుండా రేపు," అంది.

ఆ రేపు పొద్దున్న అందరూ బల్ల చుట్టూ చేరారు. అత్తగారు "ఇంకా ఎంతసేపు?" అంది. పెద్దకోడలు కర్టెన్ తప్పించుకుని లోపలికి వెళ్ళింది. కర్టెన్ అటు ఊగింది, ఇటు ఊగింది. ఊగడం ఆగిపోయింది.

ఎవరూ రాలేదు.

అప్పుడు హాల్లో ఒక చప్పుడు వినిపించింది. అదేమిటో వాళ్ళకి ముందు తెలియలేదు. ఆ ఒక్క ఆదివారం తప్ప, భోజనాల కోసం కూచున్నప్పుడు ఆ చప్పుడు ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఎవరూ వినలేదు. గోడ గడియారం నడుస్తోంది. ఏడున్నర దాటి ముల్లు కదిలింది.

"ఇంకా ఎంతసేపే?" అంది అత్తగారు మళ్ళీ. చిన్నకోడలు అప్పటికే లేచి పరిగెత్తింది.

లోపల అన్నీ అయిపోయి ఉన్నాయి. టిఫిను మూతపెట్టి ఉంది, నాలుగు డబ్బాలు వరసగా సర్ది ఉన్నాయి, గిన్నెలు బోర్లించి ఉన్నాయి, గట్టు తుడిచిన తడి ఇంకా ఆరలేదు. గోడవారన చాప మీద పెద్దకోడలు పక్కకి తిరిగి పడుకుని ఉంది. చెయ్యి తల కింద పెట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి లేదు. పనంతా ముగించుకుని మరీ పోయింది మహాతల్లి.

వచ్చిన డాక్టరు చూసి, "పెద్దవయసు కదండీ. బాధ లేకుండా వెళ్ళిపోయారు. నిండు జీవితం," అన్నాడు. కాయితంలో రాసుకోవడానికి వయసు అడిగాడు. నలభై ఒకటి అని ఎవరికీ నోరు రాలేదు.

చెయ్యాల్సినవన్నీ చేశారు. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. డబ్బాల్లో ఆఖరిగా సర్దిన అన్నం ఎవరూ తినలేదు. పాప మాత్రం బామ్మ ఏదని అడిగితే అత్తగారు "నేనున్నాగా" అంది. "నువ్వు చిన్నబామ్మవి," అంది పాప. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చిన్నకోడలు వాచీకి బ్యాటరీ వేయించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చేతికి కట్టుకుని, రాత్రింబవళ్ళు విప్పలేదు.

ఇంక ఆ ఇంట్లో వంట అంటే రణరంగం. బావగారు ఒకసారి టీ పెట్టారు, పెట్టానని వారం రోజులు చెప్పుకున్నారు. మొగుడు హోటలునుంచి తెప్పించేవాడు, అత్తగారికి అది పడేది కాదు. వంటమనిషిని పెడదామంటే, "పరాయిదాని చేతి కూడు తినాలా?" అని ఆవిడ రెండు రోజులు పస్తు ఉంది. తిరిగి తిరిగి పనంతా చిన్నకోడలి నెత్తినే పడింది. తెల్లారకముందే లేచినా ఏదో ఒకటి మాడేది, పాప స్కూలు బస్సు వెళ్ళిపోయేది, తను ఆఫీసుకి చెమటలు కక్కుకుంటూ చేరేది. "టీం లీడే టైంకి రాకపోతే ఎలాగమ్మా?" అన్నాడు నిన్నటాయన. ఆ కుర్చీ వంక ఇంకో ఇద్దరు చూస్తున్నారని ఆమెకి తెలుసు.

ఒక సోమవారం. బస్సులవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, తొమ్మిదింటికల్లా ఆమె ఆఫీసులో ఉండాలి. ముందురోజంతా పనిచేసి నిద్ర పట్టేసింది. లేచేసరికి ఏడున్నర. అందరూ బల్ల చుట్టూ కూచుని ఉన్నారు. ఆమె జుట్టు ముడేసుకుంటూ వంటింటి వైపు పరిగెత్తింది.

"ఇంకా ఎంత..." అంటోంది అత్తగారు.

ఆ మాట పూర్తి కాలేదు. కర్టెన్ దాటి నాలుగడుగులు వేశాక ఆమెకి అది తట్టింది. వెనక్కి తిరిగింది. కర్టెన్ సగం ఊగి, ఒక పక్కకి ఎగిరిన చోటే ఆగిపోయి ఉంది. దాని సందులోంచి హాలు కనిపిస్తోంది. అత్తగారు నోరు తెరిచి ఉంది. బావగారి చేతిలో పేపరు గాల్లో ఉంది. మొగుడి బొటనవేలు ఫోను మీద ఉంది. పాప ఒక కాలెత్తి సాక్సు లాక్కుంటూ అలాగే ఉండిపోయింది. కాకి అరవడం లేదు. వీధిలో చప్పుడు లేదు.

"వద్దు," అంది ఆమె పైకే. "నాకొద్దు."

గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక్క అడుగు చాలు. దాటితే అందరూ కదులుతారు. మళ్ళీ లోపలికి రాకుండా, ఇవాళ్టినుంచి ఎవరి కూడు వాళ్ళు వండుకోండి అని అరిచి చెప్పొచ్చు. అంత నోరు తనకి ఉంది. అక్కకి లేదు గానీ తనకి ఉంది. అక్కకి ఏమైందో ప్రపంచంలో తెలిసింది తనొక్కదానికే.

దాటితే గడియారం కూడా కదులుతుంది. గొడవ అవుతుంది. ఎనిమిదవుతుంది, ఎనిమిదిన్నరవుతుంది. తొమ్మిదికి బస్సులవాళ్ళు.

ఆమె చాలాసేపు గడప మీద కాలు ఎత్తబోతూ నిలబడింది. ఎంతసేపైనా నిలబడొచ్చు, అవతల ఎవరూ ఎదురుచూడరు.

"ఈ ఒక్క రోజుకే," అనుకుని వెనక్కి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

తొందర లేకపోయేసరికి చెయ్యి కుదురుగా పడింది. ఏదీ మాడలేదు. టిఫిను చేసింది, డబ్బాలు సర్దింది, గిన్నెలు తోమింది, గట్టు తుడిచింది. ఒళ్ళంతా నొప్పులు. కళ్ళు మూతలు పడుతున్నాయి. గోడకి ఆనించిన అక్క చాప ఇంకా అక్కడే ఉంది, దాన్ని తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. పరుచుకుని పడుకుంది. ఇన్ని నెలల్లో అంత నిద్ర ఆమె ఎరగదు. ఎవరూ పిలవలేదు.

పళ్ళాలతో బయటికి వచ్చేసరికి కర్టెన్ ఇంకా ఊగుతోంది.

"...సేపు?" అంది అత్తగారు. పళ్ళెం చూసి, ముద్ద నోట్లో పెట్టుకుని, "పెద్దదాని చెయ్యి వచ్చిందే నీకు," అంది.

మొగుడు ఫోను లోంచి తలెత్తాడు. "అప్పుడే అయిపోయిందా? ఇంత తేలికైన దానికి ఇన్నాళ్ళు ఎంత గోల చేశావ్!"

ఆమె బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ చేతి వాచీ చూసింది. కిటికీలో తేదీ మారిపోయి ఉంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత వాచీ మర లాగి, ముళ్ళు వెనక్కి తిప్పి తిప్పి, హాల్లో గడియారంతో సమానం చేసి, టైంకి ఆఫీసుకి వెళ్ళింది.